చుక్కి నెమరు

27 ఫిబ్రవరి 1966, ఆదివారం

ఈ ఊరికి వచ్చి నేటికి నెల. పశువుల దవాఖాన అని బోర్డు ఉంది కానీ, అందులో ఉన్నది ఒక గది, ఒక బీరువా, ఒక రిజిస్టరు, నేను. డాక్టరు గారు దేవరకొండలో ఉంటారు, నెలకోసారి వస్తారు. మిగతా రోజుల్లో డాక్టరును నేనే. ఆరు నెలల శిక్షణ పొందిన స్టాక్‌మన్‌ని మాత్రమే అని ఎవరికీ విడమరిచి చెప్పలేదు. అడిగితే చెబుతాను. ఎవరూ అడగలేదు.

కిరాయి గది నర్సింగమ్మ అవ్వ ఇంట్లో. వంట కూడా ఆమే చేసి పెడుతుంది. ఆమెకు అయినవాళ్లు ఎవరూ లేరు. చుక్కి ఉంది. నుదుట తెల్లమచ్చ ఉన్న ఎర్రావు. పుట్టిన మూడో రోజే దాని తల్లి పోతే, అవ్వ మేకపాలు, గంజి తాపి పెంచిందట. ఇప్పుడు ఏడో నెల చూలు. అవ్వ నాతో మాట్లాడేది తక్కువ, దానితో మాట్లాడేది ఎక్కువ. "ఏమే, ఇయ్యాల ఎండ జూసినవా, నిప్పులు చెరుగుతాంది" అంటుంది. నన్నే అనుకుని జవాబు చెప్పబోయి రెండుసార్లు పరువు పోగొట్టుకున్నాను.

1 మార్చి, మంగళవారం

చుక్కి చిక్కిపోతోంది. పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. పొట్ట మాత్రం కుండలా ఉంది. వానలు లేవు, పచ్చిక లేదు, ఉన్నదల్లా నిరుటి జొన్న చొప్ప. ముదిరి కట్టెలైంది. ఇక్కడి నీళ్ల గుణమో ఏమో, మనుషుల పళ్లు, పశువుల పళ్లు అన్నీ అరిగిపోతాయి. చుక్కి పాపం ఆ చొప్పను నమిలి నమిలి, సగం ఉండ చేసి కింద పడేస్తుంది.

ట్రంకు పెట్టెలోంచి నోట్సు తీశాను. అంతా ఉంది. ఆవు కడుపులో నాలుగు అరలు. మొదటిది అన్నిటికన్నా పెద్దది. తిన్న గడ్డి అందులో నానుతుంది. కంటికి కనిపించని కోట్ల జీవాలు దాన్ని అరగదీస్తాయి. పీచు ముదిరితే వాటికి లొంగదు. అలాంటి మేత రోజులకొద్దీ పొట్టలోనే ఉండిపోతుంది, కొత్త మేతకు చోటు ఉండదు. పశువు కడుపు నిండే ఉంటుంది, ఒంటికి మాత్రం ఏమీ అందదు. పీచు గురించి సారు రెండు రోజులు చెప్పారు. ఎంత బాగా చెప్పారో!

సాయంత్రం అవ్వతో అన్నాను. "చొప్పల ఏం లేదవ్వా, ఉత్త పీచు. బంద్ జెయ్యి. జొన్నలు ఉడకబెట్టి పెట్టు. పొద్దున రెండు మానికెలు, మాపు రెండు."

"మనుషులు తినే జొన్నలు గొడ్డుకు పెట్టుమంటవా?"

"కడుపుల దూడ ఉన్నదవ్వా. దానికి బలం గావాలె."

దూడ అనగానే అవ్వ లేచి, జొన్నలు కొలిచే మానిక డబ్బా తీసి, పొయ్యి వెలిగించింది.

2 మార్చి

చుక్కి గంగాళం నాకేసింది! అవ్వ మొహం చూడాలి.

4 మార్చి, శుక్రవారం

గొర్ల మారయ్య తన గొర్లను తోలుకుని పోతూ మా గుమ్మం ముందు ఆగాడు. అరవై ఏళ్లుంటాయి. నన్ను "సారూ" అంటాడు కానీ ఆ మాటలో నాకెప్పుడూ కొంచెం నవ్వు వినిపిస్తుంది. గంగాళం చూసి, "ఏందే నర్సింగమ్మా, ఆవుకు పెండ్లి భోజనం పెడ్తున్నవా?" అన్నాడు.

అవ్వ నా వైపు చూసి, "తింటాంది, పెడ్తున్న" అంది.

మారయ్య చుక్కిని ఒకసారి చూసి, "నెమరేస్తాందా?" అని అడిగాడు. అవ్వ ఏం చెప్పిందో నేను వినలేదు. రిజిస్టరు పని ఉండి లోపలికి వెళ్లాను. చదువుకోని వాళ్లకు ప్రతిదానికీ నెమరే.

6 మార్చి

పొద్దున చుక్కి జొన్నలు ముట్టలేదు. ఎండ దెబ్బ అయి ఉంటుంది.

7 మార్చి, సోమవారం

ఎండ దెబ్బ కాదు.

పడుకుంది, లేవడం లేదు. లేపితే తూలుతోంది. కళ్లు లోతుకు పోయాయి. పేడ నీళ్లలా, బూడిద రంగులో పడుతోంది, పుల్లటి కంపు. ఎడమ డొక్క మీద పిడికిలి ఒత్తిపెట్టి గడియారం చూశాను. ఆరోగ్యంగా ఉంటే పొట్ట రెండు నిమిషాల్లో రెండు మూడుసార్లు తిరగాలి, చేతికి తెలుస్తుంది. ఐదు నిమిషాలు చూశాను. ఏమీ లేదు. లోపల నీళ్లు కదిలిన చప్పుడు మాత్రం వచ్చింది.

అవ్వ దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "బిడ్డా, ఇది బతుకుతదా? కడుపులదో?" అంది. ఆమె నన్ను బిడ్డా అనడం ఇదే మొదటిసారి. వేరే ఏ రోజైనా అని ఉంటే బాగుండేది.

జొన్నలు ఎక్కువయ్యాయి, అంతే. నేను పెట్టమన్నది నిజమే, కానీ ఇంత పెట్టమన్నానా? ఏదో కొద్దిగా, చొప్పతో పాటు అన్నాను. ముసలివాళ్లు ప్రేమకొద్దీ ఎక్కువ పెడతారు, అది వాళ్ల స్వభావం.

8 మార్చి

తినే సోడా నీళ్లలో కలిపి, వెదురు గొట్టంతో మూడుసార్లు తాపాను. సాయంత్రానికి కాస్త లేచి నిలబడింది, మళ్లీ పడుకుంది. పొట్ట తిరగడం లేదు.

డాక్టరు గారికి కబురు పంపాను. బస్సు కండక్టరు సాయంత్రం జవాబు తెచ్చాడు. ఆయన క్యాంపులో ఉన్నారు, పంతొమ్మిదో తారీకున మన ఊరి విజిట్‌కు వస్తారట. పంతొమ్మిది వరకు చుక్కి ఆగాలి కదా.

రిజిస్టరు నింపాను. 'కారణం' అని ఒక గడి ఉంది. 'యజమానురాలి అజాగ్రత్త వల్ల ధాన్యం అతిగా తినుట' అని రాశాను. ఉన్నది ఉన్నట్టే రాశాను. గుప్పెడో రెండు గుప్పెళ్లో అన్నాను నేను.

9 మార్చి, బుధవారం

మారయ్య పొద్దున్నే వచ్చాడు. ఎవరూ పిలవలేదు. చుక్కి చెవులు పట్టుకుని చూశాడు, చల్లగా ఉన్నాయి.

"దీని నెమరు సచ్చిపోయింది సారూ. ఇంకోదాని నెమరు ఇయ్యాలె."

"నెమరు ఇచ్చుడేంది?" అన్నాను.

చేసి చూపించాడు. పక్కింటి ఎద్దు వేపచెట్టు కింద నెమరు వేస్తోంది. దాని మెడ కింద గోకుతూ గోకుతూ, నెమరు ముద్ద నోట్లోకి వచ్చే క్షణం చూసి, చటుక్కున చెయ్యి పెట్టి గుప్పెడు లాగేశాడు. ఎద్దు బిత్తరపోయి చూసింది. ఆ పచ్చని ముద్దను తెచ్చి చుక్కి నాలుక కింద కుక్కాడు. నాకు నవ్వొచ్చింది. శాస్త్రం తెలియని పని అనుకున్నాను.

"మా నాయిన జేస్తుండె. ఒక్కోపారి పన్జేస్తది, ఒక్కోపారి చెయ్యది" అన్నాడు వెళ్తూ. నాలుగుసార్లు ఎద్దు దగ్గర దొంగతనం చేశాడు. ఐదోసారి ఎద్దు ఊరుకోలేదు.

మధ్యాహ్నం ఊరికే నోట్సు తిరగేశాను. ఊరికే ఏం కాదు, భయమేసి తిరగేశాను. పీచు పాఠం రెండో రోజు పేజీ లేదు. ఆ రోజు నేను క్లాసుకు పోలేదు, దోస్తులతో సినిమాకు పోయాను. పరీక్షకు ముందు ఎవరి నోట్సులోంచో ఆ పాఠం గబగబా ఎక్కించుకున్నాను, అది చివరి పేజీల్లో ఉంది. చెయ్యి రాసింది, బుర్ర చదవలేదు. ఇవాళ చదివాను.

'ముదురు పీచు ఎంత నష్టమో, పీచు లేకపోవుట అంతకన్న నష్టము. పీచు పొట్ట గోడలను గీకినప్పుడే పశువు నెమరు వేయును. నెమరు వేసినప్పుడే లాలాజలము ఊరును. లాలాజలము లేనిచో ధాన్యము పొట్టలో పులిసి, అచటి జీవములు చచ్చును.' కింద ఇంకో రెండు వాక్యాలు. 'ఆరోగ్యముగా ఉన్న పశువు పొట్టలోని పసరు తీసి రోగి పశువునకు తాపిన జీవములు మరల పుట్టును. గొర్రె, మేక పసరు కూడ పనికివచ్చును.'

మారయ్య గుప్పెడు గుప్పెడుగా చేసింది ఇదే. నాకు కడివెడు కావాలి.

10 మార్చి, గురువారం

ఇవాళ అంగడి, వారానికోసారి జరిగే సంత. అంగడి రోజు నూరుద్దీన్ గోష్ దుకాణంలో రెండు మేకలు తెగుతాయి. సైకిలు మీద పొద్దున్నే వెళ్లి నిలబడ్డాను.

"సారూ, కాల్జ గావాల్నా, బోటి గావాల్నా?" అన్నాడు.

"బోటి వద్దు. బోటిలున్న పసరు గావాలె."

నూరుద్దీన్ కత్తి పక్కన పెట్టాడు. "పసరా? మేం పారబోసుడే. ఏం జేస్తరు దాంతోని?" అని అడిగాడు. చెప్పాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. "నర్సింగమ్మ ఆవుకా? జర ఆగుండ్రి" అని, రెండు మేకల పొట్టలూ నా ముందే కోసి, తన కొత్త తువ్వాలలో పోసి పిండాడు. గోరువెచ్చగా, పచ్చగా, గడ్డి వాసనతో కుండెడు పసరు. చల్లారితే జీవాలు చస్తాయి కదా, కుండకు గోనెసంచి చుట్టి ఇచ్చాడు. "సైకిలు ఉరికియ్యుండ్రి సారూ."

దారిపొడుగునా ఒకటే ఆలోచన, అవ్వకు ఏం చెప్పాలి? అవ్వ మాంసం ముట్టదు. గోష్ దుకాణం ముందు నుంచి పోవాల్సి వస్తే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటుంది. దేవరకొండ దవాఖాన మందు అని చెప్పాలనుకున్నాను. నమ్ముతుంది. నేనేం చెప్పినా నమ్ముతుంది. నేను చెప్పింది నమ్మే కదా...

ఇంటికి వచ్చి కుండ దించాను. "అవ్వా, ఇది నూరుద్దీన్ దుకాణంల కోసిన మేకల పొట్టలది. గిది తాపితెనే బతుకుతదేమో. తాపకపోతె బతకది. నీ ఇష్టం."

అవ్వ కుండ మీది గోనెసంచి తీసి చూసింది. చాలాసేపు చూసింది. నాకైతే పసరు చల్లారిపోతోందని ప్రాణం కొట్టుకుంటోంది.

"మేకలు ఏం మేసినయ్?"

"గుట్ట మీది ఆకు."

"మా చుక్కి గూడ గా గుట్టనే మేసేది," అని అవ్వ దాని మూతి పట్టుకుని పైకెత్తింది. "తాపు బిడ్డా."

గొట్టంతో నెమ్మదిగా అంతా తాపాను. సగం నా చొక్కా మీద పడింది. అవ్వ చేతుల మీద కూడా. ఆమె కడుక్కోలేదు. దాని గొంతు నిమురుతూ, "మింగు తల్లీ, మింగు, మేక పాలు తాగి బతికినవ్, గిదేమన్న పరాయిదా" అంటూనే ఉంది. నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. పొగ ఏమీ లేదు, ఉత్తగనే కళ్లు మండాయి.

11 మార్చి

నేను వెళ్లేలోపే నూరుద్దీన్ వచ్చాడు. ఇవాళ అంగడి కాదు. అయినా ఎవరింట్లోనో దావత్ ఉంటే మేకను కోసి, పసరు ఎండలోనే మోసుకొచ్చాడు. గుమ్మం బయట ఆగిపోయాడు. అవ్వ చూసి, "బయట నిలబడితె ఎట్ల, లోపటికి రా. దాన్ని పట్టాలె, ఈ పిలగానితోని అయితలేదు" అంది. ఇద్దరూ పట్టుకున్నారు, నేను తాపాను. పని అయ్యాక అవ్వ అతనికి చల్ల ఇచ్చింది. ఆ చల్ల పక్కింట్లో అడిగి తెచ్చింది.

12 మార్చి

ఎడమ డొక్క కదిలింది. ఒక్కసారే. నా చెయ్యి అదిరిందేమో అనుకుని మళ్లీ పెట్టాను. మళ్లీ కదిలింది.

13 మార్చి, ఆదివారం

మారయ్య కంది పొట్టు ఒక గంప తెచ్చాడు. చొప్పను జానెడులో సగానికి నరికి, ఉప్పునీళ్లు చల్లి నానబెట్టి, అందులో కంది పొట్టు కలిపాం. జొన్నలు లేవు. పొట్టకు గీకుడూ ఉండాలి, జీవాలకు తిండీ ఉండాలి. పీచు శత్రువు కాదు, దాన్ని మెత్తబరిచి ఇవ్వాలి, పక్కన పప్పు జాతి పొట్టో ఆకో ఉండాలి. రెండు రోజుల పాఠం కలిపితే ఇంతే. చుక్కి మూడు గుప్పెళ్లు తింది.

నీడన కూర్చున్నప్పుడు మారయ్య అన్నాడు, "ఊరంత అడుగుతున్నరు, గిన్ని జొన్నలు ఎవరు పెట్టుమన్నరని. నా బుద్ధి గడ్డి తిన్నది, నేనే పెట్టిన అంటాంది నర్సింగమ్మ. సారు వద్దన్నడు, నేనే ఇనలేదు అంటాంది."

"నేను వద్దన్ననా?"

"నాకేం ఎరుక సారూ," అన్నాడు. గొర్ల వైపు చూస్తూ అన్నాడు, నా వైపు చూడలేదు. "ఎందుకే అట్ల చెప్తున్నవ్ అంటె, 'పిలగాడు కొత్త. వాని పేరు జెప్తె రేపటి సంది ఒక్క పశువు గూడ వాని కాడికి రాదు' అన్నది."

గదిలోకి వచ్చి ఈ పుస్తకమే వెనక్కి తిప్పాను. ఒకటో తారీకు. 'పొద్దున రెండు మానికెలు, మాపు రెండు.' 'బంద్ జెయ్యి.' నా చేతిరాతే. గుప్పెడు అని ఎక్కడా లేదు, ఒక్క మానికలోనే ఎన్నో గుప్పెళ్లు పడతాయి. అవ్వ నేను చెప్పినదానికి ఒక్క గింజ ఎక్కువ పెట్టలేదు. ఎవరూ చదవని ఈ పుస్తకంలో కూడా ఏడో తారీకు నుంచి నాకు నేను అబద్ధం చెప్పుకుంటున్నాను.

ఇంకోటి. వంటింట్లోకి వెళ్లి చూశాను. జొన్నల సంచిలో అడుగున కొన్నే ఉన్నాయి. అవి అవ్వ ఎండాకాలం తిండి. ఈ పది రోజులూ నాకు రొట్టె వేసి పెట్టి, తను అంబలి తాగింది. 'పళ్లు నొస్తున్నయ్' అంటే నమ్మాను.

14 మార్చి

తప్పు నాదేనని అవ్వతో చెప్పలేకపోయాను.

15 మార్చి

ఇవాళ కూడా. చుక్కి ఇవాళ నెమరు వేసింది. అవ్వ నన్ను చెయ్యి పట్టి లాక్కెళ్లి చూపించింది, పండుగలా. ఆ సంతోషంలో ఎలా చెప్పను? ఇదీ ఒక సాకే.

రిజిస్టరులో ఆ గడి కొట్టేశాను. 'స్టాక్‌మన్ ఇచ్చిన తప్పుడు సలహా' అని రాసి, ఐలేశం అని సంతకం పెట్టాను. కొట్టేసినది కనబడేలాగే ఉంచాను.

19 మార్చి, శనివారం

డాక్టరు గారు వచ్చారు. దవాఖాన ముందు పదిహేను మంది ఉన్నారు, వాళ్ల పశువులు ఉన్నాయి. ఆయన రిజిస్టరు తిప్పుతూ ఆ పేజీ దగ్గర ఆగి, కళ్లద్దాలు పైకి తోశారు.

"ఏమిటయ్యా ఇది? ఎవరి తప్పు? రెండు రకాలుగా రాశావు."

"నాదే సార్" అన్నాను. గట్టిగా అన్నాను, వెనక ఉన్న వాళ్లకు కూడా వినపడాలని. "చొప్ప బంద్ చేసి, రోజుకు నాలుగు మానికెల జొన్నలు పెట్టమన్నది నేనే."

"అబద్ధం!" అని వెనక నుంచి కేక. అవ్వ. చుక్కిని పలుపు పట్టుకుని నడిపించుకుంటూ వస్తోంది. "పిలగాడు చెప్పలే సారూ. నేనే పెట్టిన. నా ఆవు, నా జొన్నలు."

"అవ్వా, నేను చెప్పిన."

"నువ్వు ఊకో! పెద్దోళ్లు మాట్లాడుతుంటె."

"అవ్వా, నేను రాసుకున్న, పుస్తకంల ఉన్నది..."

"పుస్తకంల ఏమున్నదో నాకెందుకు? గంగాళం నింపింది ఎవ్వరు, నువ్వా నేనా?"

మారయ్య నోటికి కంబళి అడ్డం పెట్టుకున్నాడు. డాక్టరు గారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, లేచి చుక్కి దగ్గరికి వెళ్లారు. ఎడమ డొక్క మీద పిడికిలి పెట్టి గడియారం చూశారు. రెండు నిమిషాలు. పొట్ట మూడుసార్లు తిరిగిందని మూడు వేళ్లు చూపించారు. తర్వాత కుడివైపుకు వెళ్లి, పొట్ట కింద చెయ్యి పెట్టి లోపలికి నెట్టి ఆగారు. అవ్వ పలుపును రెండు చేతులతో పట్టుకుంది.

"కదులుతోందమ్మా. దూడ బతికే ఉంది."

అవ్వ అక్కడే మట్టిలో కూర్చుండిపోయింది. ఏడ్చింది. ఇన్ని రోజుల్లో ఆమె ఏడవడం నేను చూడలేదు.

డాక్టరు గారు రిజిస్టరు నా ముందుకు తోసి, మెల్లగా అన్నారు. "నాలుగు మానికెలు! నీకు మెమో ఇవ్వాలి. ఇస్తాను కూడా. ఆ పసరు ఎలా తాపావో మాత్రం కాగితం మీద రాసివ్వు, మిగతా వాళ్లకు పంపుతాను." తర్వాత వరుసలో ఉన్న వాళ్లను పిలిచారు. ఎవరూ వరుసలోంచి వెళ్లిపోలేదు. నేను లెక్కపెట్టాను.

ఇంటికి వచ్చే దారిలో అవ్వ నాతో మాట్లాడలేదు. చుక్కితో మాట్లాడింది. "సూసినవానే, పది దినాలసంది ఊరంతట మోసిన మాట, గీ పిలగాడు ఒక్క నిమిషంల పారేసిండు. నన్ను అబద్ధాలకోరును జేసిండు." చుక్కి నెమరు వేస్తూ వింది.

ఇంట్లో చొప్ప నరికి, పొట్టు కలిపి, గంప దాని ముందు పెట్టబోయాను. అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు. ఇగ ముందట నువ్వేం పెట్టుమన్నా, ఫస్టు నువ్వు తిని సూపియ్యి. తర్వాతనే నా బిడ్డకు."

నవ్వులాటకు అంటోందనుకున్నాను. మొహం చూస్తే కాదు. గుప్పెడు తీసి నోట్లో వేసుకున్నాను. నమిలాను. నమలడం అంత కష్టమైన పని అని నాకు తెలియదు. చుక్కి పళ్లతో ఇన్నాళ్లు ఎలా నమిలిందో. దవడలు లాగుతున్నా అవ్వ ఊరుకోలేదు, మింగే దాకా నిలబడి చూసింది.

"ఎట్లున్నది?"

"ఉప్పు తక్కువైంది" అన్నాను.

అవ్వ నవ్వింది. అరిగిన ఆ పసుపుపచ్చని పళ్లన్నీ కనబడేలా, చుక్కి మెడ మీద వాలి నవ్వింది. తర్వాత లోపలికి వెళ్లి ఉప్పు తెచ్చింది.